రుచి చూడని వంటవాడు

సుబ్బరాయుడు నోరు మూసుకొని వండేవాడు. మాటవరసకు కాదు, నిజంగానే. పొయ్యి ముందుకు పోయేటప్పుడు భుజం మీది తువ్వాలు మూతికి చుట్టి వెనక ముడి వేసుకుంటే, గిన్నెలు దించేదాకా విప్పేవాడు కాదు. వండే కూటిలో తుంపర పడకూడదు. వడ్డించకముందే వండేవాడి నాలుకకు తగలకూడదు. తగిలితే ఎంగిలి. ఎంగిలి వడ్డించినవాడు వంటవాడే కాదని వాళ్ళ నాయన చెప్పేవాడు. ఆయన కాటన్‌పేట భజన మందిరంలో రామోత్సవాలకు నలభై ఏళ్ళు వండిన మనిషి. ఉప్పు సంగతి ముక్కు చెబుతుందని కూడా ఆయనే చెప్పాడు. ఉడికే పప్పు మీదకు వంగి, ఒక్కసారి గాలి పీల్చి, "ఇంకో చారెడు" అనేవాడట. ఆ ముక్కు తనకూ వచ్చిందని సుబ్బరాయుడి నమ్మకం. నమ్మకానికేం, ఖర్చు లేనిది.

అయితే సుబ్బరాయుడు వండేది దేవుడికి కాదు, లాంగ్‌ఫర్డ్ టౌన్‌లో ఒలేనమ్మ హోటల్లో. ఒక పాత బంగళా వెనకనున్న ఔట్‌హౌసులో ముందు గది హాలు, వెనక గది వంటిల్లు. హాల్లో ఆరు బల్లలు, వాటి మీద ఎర్రదారం నల్లదారం కలిపి ఒలేనమ్మ సొంత చేత్తో కుట్టిన గుడ్డలు. బయట బోర్డు మీద ఇంగ్లీషులో ఉక్రేనియన్ ఇంటి భోజనం అని రాసి ఉండేది. ఆ దేశం ఎక్కడుందో ఆ వీధి జట్కావాళ్ళకు తెలియదు. ఎర్రగా బీట్‌రూట్ సూపు పోస్తారని మాత్రం తెలుసు. అందుకని బీట్‌రూట్ హోటలన్నారు, ఆ పేరే నిలిచింది. దొర దొరసానులు, మిలిటరీవాళ్ళు, కాలేజీ పంతుళ్ళు వచ్చి, సొంత ఇంట్లో కూర్చున్నట్టు గంటసేపు కూర్చొని తిని పోయేవాళ్ళు.

ఒలేనమ్మ యాభై దాటిన మనిషి. యుద్ధంలో ఊరు పోయి, తిరగని దేశం లేకుండా తిరిగి, ఇక్కడి రైల్వే గార్డును పెళ్ళాడి, ఆయన పోయాక ఈ హోటలు పెట్టుకుంది. రాగిపిండి కలిపిన నల్ల రొట్టె, మాంసం వంటలు ఆమె పని. సూపు, క్యాబేజీ, ఉర్లగడ్డ సుబ్బరాయుడి పని. పిండి పని పాపక్కది. పాపక్క బొమ్మనహళ్ళి నుంచి తెల్లారే బస్సెక్కి వచ్చేది. నలభై ఏళ్ళ వితంతువు. ఉర్లగడ్డ ముద్ద లోపల పెట్టి, మైదా పొర మడిచి, అంచును జడలా అల్లి, నీళ్ళలో ఉడికించే వంటకం ఒకటుంది. ఒలేనమ్మ దాన్ని వరెనికి అనేది, పాపక్క నీళ్ళ కజ్జికాయ అనేది. పాపక్క అల్లిన అంచు మరిగే నీళ్ళలో ఒక్కటి కూడా విచ్చుకునేది కాదు. ఒలేనమ్మకు వచ్చిన తెలుగంతా పాపక్క దగ్గర నేర్చుకున్నదే. అందుకని ఆమె నోట కూడా "ఉండాది", "ఉండాడు" అనే వచ్చేది.

రోజూ పదకొండున్నరకు ఒలేనమ్మ హాలు తలుపులో నిలబడి, "రాయుడూ, రుచి చూసినావా?" అని అడిగేది.

"చూసినానమ్మా," అనేవాడు సుబ్బరాయుడు తువ్వాలు లోపలినుంచే.

అది అబద్ధమని అతను అనుకోలేదు. నలుగురికీ నాలుక చేసే పని తనకు ముక్కు చేస్తోంది, అంతే కదా అనుకున్నాడు. పైగా ఆ సూపులో ఒలేనమ్మ కాచిన ఎముకల నీళ్ళుంటాయి, తను మాంసం ముట్టని మనిషి, ఎట్లా చూస్తాడు? ఆరేళ్ళలో ఒక్కనాడు ఉప్పు తప్పలేదు. ఒలేనమ్మ వచ్చినవాళ్ళకు ఆ మాట గొప్పగా చెప్పుకునేది. కాటన్‌పేటలో సుబ్బరాయుడు అంతకంటే గొప్పగా చెప్పుకునేవాడు.

*

1961 జనవరి ఆరో తేదీ శుక్రవారం ఒలేనమ్మ వాళ్ళ పండగ ముందురోజు. పాత పంచాంగం లెక్కన వాళ్ళ క్రిస్మస్ జనవరి ఏడున వస్తుంది. ఆ రోజు ఆమె పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు. సాయంత్రం ఆకాశంలో మొదటి చుక్క కనపడితే గాని ఉపవాసం విడవదు. మాంసం లేదు, పాలు లేవు, నెయ్యి లేదు. పన్నెండు రకాలు వండాలి. బల్లగుడ్డ కింద కాస్త ఎండుగడ్డి పరచాలి. పోయినవాళ్ళ కోసం ఒక కంచం వేరే పెట్టాలి. ఏటా ఒలేనమ్మ తనొక్కతే ఇంత ఉడికించుకొని ఆ ఖాళీ కంచం ఎదురుగా కూర్చొని తినేది. ఆ ఏడు మాత్రం తన భాష తెలిసినవాళ్ళను ఎనిమిదిమందిని పిలిచింది. దానికి కారణం ఉంది. ఆమె సొంత ఊరి పక్క ఊరివాడు ఒక ముసలాయన ఓడ మారే మధ్యలో మద్రాసులో దిగి, ఆమె సంగతి ఎవరి ద్వారానో విని, రైలెక్కి వస్తున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆ వంట తినని మనిషి. మర్నాడే తిరిగి పోతాడు.

"ఆయన మా అమ్మను చూసినాడు," అంది ఒలేనమ్మ వారం రోజుల్లో పదిసార్లు. "మా అమ్మ చేతి కూడు తిన్నోడు లోకంలో ఇంకెవరూ లేరు రాయుడూ."

పాపక్క బొమ్మనహళ్ళి నుంచి రాగిగడ్డి కట్ట తెచ్చింది. పోయినవాళ్ళ కంచం మాట వినగానే ఆమెకు ఆ పండగంతా అర్థమైపోయింది. "మనమూ పెడతాం కదమ్మా పెద్దలకు," అని, మారు మాట అడక్కుండా తలస్నానం చేసి వచ్చి పిండి ముందు కూర్చుంది.

ఆ రోజు బీట్‌రూట్ సూపుకు ఎముకల నీళ్ళు వాడరు. బీట్‌రూట్ ముక్కలు జాడీలో వారం రోజులు నానవేసి పులియబెట్టిన నీళ్ళు పోస్తారు. మొదటి జాడీకి బూజు పట్టిందని ఒలేనమ్మ రెండోదాంట్లో ఉప్పు బాగా దట్టించింది. పాపక్క పక్కనే ఉండి చూసింది. ఆ జాడీ పెట్టిన పూట సుబ్బరాయుడు మార్కెట్లో సూపులో వేసే సబ్బసిగె ఆకు బేరమాడుతున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి సుబ్బరాయుడు ఎండు పుట్టగొడుగులు ఉడికిన నీళ్ళలో జాడీ నీళ్ళు మొత్తం వంచాడు. ఎప్పటిలాగే గుప్పెడు ఉప్పు వేశాడు. వంగి గాలి పీల్చాడు. పుల్లటి వాసన కమ్మగా వచ్చింది. సరిపోయిందనుకొని కొలాయి దగ్గరికి చేతులు కడుక్కోవడానికి పోయాడు. తిరిగి వచ్చేసరికి పాపక్క గిన్నె ముందు నిలబడి ఉంది. ఎడమచేత్తో గరిటె ఎత్తి, కుడి అరచేతిలోకి సూపు వంచుకోబోతోంది.

"ఏయ్, ఏం చేస్తాండావు?"

గరిటె గిన్నెలో పడింది.

"ఏం లేదప్పా. ఆ జాడీలో ఉప్పు..."

"పెద్దలకు పెట్టే కూడు! దాంట్లో ఎంగిలి చెయ్యి పెడతావా? నీకు బుద్ధి ఉండాదా? నీళ్ళ కజ్జికాయ చేసుకొమ్మంటే పొయ్యి మీదికెక్కుతావు! పో, బయట పడసాలలో కూర్చో. దీపాలు పెట్టేదాకా ఈ గడప తొక్కొద్దు."

"అది కాదప్పా, నే చెప్పేది సల్ప విను..."

"నాకు చెప్పేంత పెద్దదానివైనావా? మా నాయన..."

వాళ్ళ నాయన పేరెత్తితే ఇక ఎవరూ మాట్లాడటానికి ఉండదు. పాపక్క పిండిపళ్ళెం ఎత్తుకొని వంటింటి వెనక పడసాలలోకి పోయింది. పోతూ తల తిప్పి ఒకసారి గిన్నెను చూసింది. అతన్ని చూడలేదు.

ఐదింటికి ఒలేనమ్మ వచ్చింది. ఆకలికి మొహం పాలిపోయి ఉంది, కళ్ళు మాత్రం వెలుగుతున్నాయి. "ఈ పొద్దు నేను నోట్లో ఏమీ వెయ్యకూడదు. నీ మీదే భారం. రుచి చూసినావా?"

ఆ రోజు మాంసం సాకు లేదు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి రోజు అతనికి దొరకదు. అయినా ఆరేళ్ళు అలవాటైన మాట తనంతట తనే బయటికి వచ్చింది.

"చూసినానమ్మా. బాగుండాది."

*

చుక్క ఆరున్నరకు కనిపించింది. అందరూ పెరట్లో నిలబడి వెతుకుతుంటే ముసలాయనే ముందు చూశాడు. చిన్నపిల్లాడిలా చెయ్యెత్తి చూపించి ఏదో అన్నాడు. అందరూ నవ్వుతూ లోపలికొచ్చి కూర్చున్నారు. పియానో నేర్పే దొరసాని, ఫ్యాక్టరీ ఇంజనీరు, ఆయన భార్య, ఇద్దరు పాదిరీలు, ఇంకెవరో ఇద్దరు. గోధుమలు, తేనె, గసగసాలు కలిపిన పాయసం లాంటిది ముందు తిన్నారు. తర్వాత సూపు.

వంటింటి తలుపు సందులోంచి సుబ్బరాయుడు చూస్తున్నాడు. మెచ్చుకోలు వినడం అతనికి ఇష్టం. ముసలాయన మొదటి చెంచా నోట్లో పెట్టుకొని ఆగాడు. కళ్ళెత్తి ఒలేనమ్మ వైపు చూశాడు. ఆమె ఆశగా ఆయన మొహమే చూస్తోంది. ఆయన తలూపి, రెండో చెంచా ముంచాడు. మూడోది, నాలుగోది. మధ్యలో గ్లాసెత్తి గటగటా నీళ్ళు తాగాడు. మిగిలినవాళ్ళు చెంచాలు కంచాల్లో ఆడిస్తున్నారు. పియానో దొరసాని రుమాలు మూతికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు ఒలేనమ్మ తన చెంచా ఎత్తింది.

ఆమె వంటింట్లోకి వచ్చినప్పుడు చేతిలో ఆ కంచం అలాగే ఉంది. "ఉప్పు," అంది. "సముద్రం. రాయుడూ, రుచి చూసినావంటివే?"

సుబ్బరాయుడికి ఆరేళ్ళ పేరు, కాటన్‌పేటలో పరువు, వాళ్ళ నాయన ముక్కు, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. సరిగ్గా అప్పుడే పాపక్క కుంపటి మీద ఉడికించిన కజ్జికాయల పళ్ళెంతో పడసాలలోంచి గడపలోకి వచ్చింది.

"నేను చూసినప్పుడు సరిగ్గానే ఉండాదమ్మా," అన్నాడు. "తర్వాత ఈ యమ్మ గరిటె పట్టుకొని గిన్నె దగ్గర నిలబడింది. నేనొచ్చి అరిస్తే వదిలేసింది."

గిన్నె దగ్గర నిలబడిందన్న మాటలో అబద్ధం లేదు. ఇంత నిజంతో అంత అబద్ధం ఆడవచ్చని సుబ్బరాయుడికి కూడా ఆ క్షణం దాకా తెలియదు.

"గిన్నె ముట్టినావా?" అంది ఒలేనమ్మ.

"ముట్టినానమ్మా."

"ఎందుకు?"

పాపక్క సుబ్బరాయుడి వైపు చూసింది. కోపంగా కాదు. ఎదురుచూస్తున్నట్టు చూసింది. సుబ్బరాయుడు పొయ్యిలో కట్టె సర్దడానికి వంగాడు. కట్టె బాగానే మండుతోంది.

"సుమ్మనే, ఊరికే," అంది పాపక్క.

"మా అమ్మకు పెట్టిన కంచం. దాంట్లో సుమ్మనే చెయ్యి పెడతావా?" ఒలేనమ్మ గొంతు హాలుదాకా వినిపించింది. అక్కడి మాటలు ఆగిపోయాయి. ఆమె తలుపులో నిలబడి, పాపక్కను చేత్తో చూపించి, అతిథులకు వాళ్ళ భాషలో చెప్పింది. ఎనిమిదిమందీ తలలు తిప్పి పాపక్క వైపు చూశారు. పాపక్క చేతిలో పొగలు కక్కుతున్న పళ్ళెం. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడింది. ఇంజనీరు భార్య జాలిగా నవ్వింది. ముసలాయన మాత్రం చెయ్యి ఊపి, ఫరవాలేదన్నట్టు ఏదో అని, మిగిలిన సూపంతా తాగేశాడు.

అందరూ పోయాక ఒలేనమ్మ పాపక్కతో, "రేపట్నుంచి రావద్దు," అంది. పాపక్క సరేనని, రోజూలాగే పిండిపళ్ళెం కడిగి బోర్లించి పోయింది.

*

శనివారం సుబ్బరాయుడు ఎక్కువ మాట్లాడాడు. తప్పు చేసినవాడు మాట్లాడినంత మంచివాడు మాట్లాడడు. ఈ కాలంలో పనివాళ్ళకు భయభక్తులు లేవన్నాడు, వేరే మనిషిని తను చూస్తానన్నాడు. ఒలేనమ్మ వినలేదు. ఆమె పిండి ముందు కూర్చొని కజ్జికాయలు అల్లుతోంది. అవి నీళ్ళలో పడగానే నోళ్ళు తెరిచి ఉర్లగడ్డంతా కక్కేస్తున్నాయి. ఆమె జల్లిగరిటెతో పొరలు ఏరి పారేసి మళ్ళీ మొదలుపెట్టేది.

సోమవారం ఒక మేజరు సూపు వెనక్కి పంపాడు. చప్పగా ఉందట. మంగళవారం క్యాబేజీ ఉప్పు కషాయమైంది. బుధవారం మళ్ళీ సూపు. సుబ్బరాయుడు గిన్నె మీద వంగి గాలి పీల్చాడు. ఎప్పటి వాసనే. ఎప్పటి గుప్పెడే. బజారులో ఉప్పు మారిందేమో అనుకున్నాడు. జలుబు చేసిందేమోనని వేన్నీళ్ళలో పసుపు వేసుకొని ఆవిరి పట్టాడు. ఒలేనమ్మ ఉప్పు సీసాలు కొని ప్రతి బల్ల మీదా ఒకటి పెట్టింది. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం ఇంట్లో చారు అన్నం కలుపుకుంటూ భార్య సావిత్రమ్మతో అన్నాడు. "చేతికి ఏమో అయింది. ఆరేండ్లు తప్పని ఉప్పు ఇప్పుడు తప్పుతాండాది."

సావిత్రమ్మ ఫక్కున నవ్వింది. "మీ చేతికి ఉప్పు ఎప్పుడు తెలిసింది? పండగలకు మీరు వండితే నేను వెనకనుంచి చూసుకోనిదే పిల్లోళ్ళకు పెట్టినానా?"

"వెనకనుంచి చూసుకోవడమేంది?"

"అరచేతిలో ఏసుకొని చూసేది. చప్పగుంటే ఇంత ఏసేది, జాస్తి అయితే నీళ్ళు పోసేది. మీ అమ్మ కూడా అదే చేస్తా ఉండె మీ నాయన వంటకు. ఆ యమ్మే నాకు నేర్పించె. మగోళ్ళకు చెప్పొద్దు, నొచ్చుకుంటారని."

ఆమె నవ్వుతూనే మజ్జిగ పోసింది. సుబ్బరాయుడి చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఎడమచేత్తో గరిటె ఎత్తి, కుడి అరచేతిలోకి వంచుకోబోయిన పాపక్క కనిపించింది. గరిటె పట్టిన తీరు కొత్తగా పట్టినవాళ్ళది కాదు. ఆ పని ఎన్నోసార్లు చేసిన చెయ్యి. తను రోజూ కొలాయి దగ్గరికి పోయే ఆ కాసేపట్లో, ఆరేళ్ళు.

ఏడ్చినా బాగుండేది. సిగ్గు మాత్రమే వచ్చింది. ఒంటినిండా గజ్జి పుట్టినట్టు, కూర్చున్నచోట కూర్చోలేనంత సిగ్గు.

*

గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక హోసూరు రోడ్డు మీద బస్సెక్కి బొమ్మనహళ్ళిలో దిగాడు. పాపక్క ఇంటి అరుగు మీద కూర్చొని ఊదుబత్తీలు చుడుతోంది. చేతులు మోచేతులదాకా నల్లగా ఉన్నాయి. పుల్లకు ముద్ద అద్ది పలక మీద ఒక్కసారి దొర్లిస్తే బత్తీ తయారవుతోంది. అతన్ని చూసి లేవలేదు. పక్కనున్న చాప మాత్రం కాలితో ఇటు జరిపింది.

"నువ్వేనా పాపక్కా, రోజూ ఉప్పు చూసింది?"

"ఊ."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఓర్చుకుంటావా అప్పా? అయినా ఎంగిలి చేసేది నాకేమైనా ఇష్టమా? దేవుడా తప్పైందని దండం పెట్టుకొనే చూస్తా ఉంటి. ఉప్పు లేని కూడు ఆ దొరలు ఒక దినం తింటారు, రెండు దినాలు తింటారు. మూడోనాడు హోటలు మూసెయ్యాల. నీ పని పోతాది, నా కెలసం పోతాది. ఆ యమ్మకు ఎవరుండారు?"

"ఆ పొద్దు అమ్మ అడిగినప్పుడైనా..."

పాపక్క చేయి ఆగింది. "నువ్వు చెప్తావని చూసినా. నువ్వు కట్టె ఎగదోస్తాంటివి."

సుబ్బరాయుడు తల దించుకున్నాడు. వీధిలో పోతున్న ఒక ముసలామె ఆగి, ఇతనెవరన్నట్టు ఇద్దరినీ చూసి పోయింది.

"చూసినావా?" అంది పాపక్క గొంతు తగ్గించి. "ఊరంతా ఇదే చూపు. పనిలోంచి తీసేసినారంటే ఏమనుకుంటారు? చేతివాటమనుకుంటారు. సూపులో ఉప్పు జాస్తి అయిందని తీసేసినారంటే ఎవురు నమ్ముతారప్పా? మా తమ్ముడే నమ్మలేదు. ఏమి ఎత్తుకొచ్చినావక్కా, నిజం చెప్పు, పోయి ఇచ్చేసి వద్దామన్నాడు."

ఆ మాటకు సుబ్బరాయుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉద్యోగం పోగొట్టానని మాత్రమే అనుకొని వచ్చాడు. ఇంత మోపు తన ఒక్క మాట మోసుకొస్తుందని అనుకోలేదు.

"నాది తప్పు పాపక్కా. నన్ను ఏమన్నా అను. రేపు వచ్చెయ్. అమ్మకు నేను చెప్తా."

"సుమ్మనే వచ్చెయ్యమంటే రాను. ఎనిమిదిమంది ముందర నన్ను చూపించింది ఆ యమ్మ. ఎనిమిదిమంది చూసినారు. యాడ నా పేరు చెప్పినారో ఆడనే నీ పేరు చెప్పు. అప్పుడొస్తా." అని, ఇంకో పుల్ల తీసుకుంది.

*

ఆ సాయంత్రమే ఒలేనమ్మకు చెప్పాడు. ఆమె రొట్టె కోస్తోంది. ముక్కు సంగతి, తువ్వాలు సంగతి, పాపక్క అరచేతి సంగతి, ఒకటీ దాచకుండా చెప్పాడు. చెబుతుంటే తన కథే తనకు పిచ్చివాడి కథలా వినిపించింది. ఆమె కత్తి బల్ల మీద పెట్టింది.

"ఆరేండ్లు దినామూ అడిగినా," అంది. "దినామూ చూసినానంటివి."

"తప్పైందమ్మా."

"ఆ ముసలాయన అంతా తాగినాడు రాయుడూ. మా అమ్మ పేరు మీద తాగినాడు. ఓడెక్కి పోయినాడు. ఆయనకెవరు చెప్తారు?" ఆమె ఏప్రను కొసతో కళ్ళు తుడుచుకుంది. "నేను పాపక్కను అట్ల చూపించినా. వేలు పెట్టి చూపించినా. నేనూ ఒక రకంగా నీలాంటిదాన్నే."

పనిలోంచి తీసేస్తుందని సుబ్బరాయుడు సిద్ధపడ్డాడు. ఆమె ఆ మాటే ఎత్తలేదు. "ఆదివారం వాళ్ళందరూ భోజనానికొస్తారు. నేను చెప్పను. నోరుండాది కదా, నువ్వే చెప్పు. పాపక్కకు కబురు పంపిస్తా," అంది.

మూడు రోజులు సుబ్బరాయుడు ఇంగ్లీషు మాటలు వల్లె వేశాడు. చిక్కపేట బట్టల కొట్టులో గుమాస్తాగా ఉన్న పక్కింటి లక్ష్మీనారాయణతో కాగితం మీద తెలుగు లిపిలో రాయించుకున్నాడు. ఎందుకని లక్ష్మీనారాయణ అడిగితే చెప్పాడు. గుమాస్తా నవ్వలేదు. వింతగా చూసి, కాగితం ఇచ్చాడు. ఆ వారంలో కాటన్‌పేట అంతటికీ తెలిసిపోతుందని సుబ్బరాయుడికి తెలుసు. అయినా సరే అనుకున్నాడు. నలుగురి ముందూ తలెత్తుకోలేకపోవడం ఎంత కష్టమో బొమ్మనహళ్ళి అరుగు మీద చూసి వచ్చాడు కదా.

ఆదివారం పన్నెండున్నరకు హాలు నిండింది. ముసలాయన తప్ప అందరూ ఉన్నారు. పాపక్క పదింటికే వచ్చి, వంటింట్లోకి రాకుండా, పడసాల గడప అవతల నిలబడింది. సుబ్బరాయుడు ఉతికిన చొక్కా తొడుక్కొని హాల్లోకి పోయాడు. ఆరేళ్ళలో అతను భోజనాల వేళ ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. కాగితం తీశాడు గాని అక్షరాలు కనపడలేదు.

"ఎక్స్‌క్యూజ్ మీ," అన్నాడు. తలలు తిరిగాయి. "దట్ డే సూప్. సాల్ట్. మై మిస్టేక్. పాపక్క, నో మిస్టేక్. ఐ టోల్డ్ లై. సారీ."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఇంజనీరు కనుబొమలు ఎత్తాడు. పియానో దొరసాని, "ఏ సూపు?" అని అడిగింది. ఒలేనమ్మ లేచి నిలబడి వాళ్ళ భాషలో వివరంగా చెప్పింది. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఉప్పా? ఇంజనీరు భార్య గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించి తల అడ్డంగా ఊపింది. పాదిరీ ఒకాయన, ఆ రోజు ముసలాయన పాడిన పాటలు మాత్రం గుర్తున్నాయన్నాడు. పియానో దొరసాని "సూప్ వెరీ గుడ్, ఆల్వేస్ వెరీ గుడ్," అని సుబ్బరాయుడి వైపు చూసి చిరునవ్వు నవ్వింది. ఏదో హాస్యమాడినట్టు అందరూ నవ్వారు. ఇంజనీరు ఏమనుకున్నాడో, పండగ మామూలు కోసం వచ్చాడనుకున్నాడో, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి సుబ్బరాయుడి చేతిలో పెట్టి, భుజం తట్టి, మళ్ళీ చెంచా అందుకున్నాడు.

ఎవరి ముందు తలవంపులవుతుందని తను ఒక ఆడమనిషి బతుకుమీద మట్టి పోశాడో, వాళ్ళకు అది తొమ్మిది రోజులు కూడా గుర్తులేదు. సుబ్బరాయుడు ఆ రూపాయి వైపు చూస్తూ నిలబడ్డాడు. తిట్టినా, కొట్టినా, పనిలోంచి తీసెయ్యమన్నా ఇంత చిన్నవాడయ్యేవాడు కాదు. రూపాయిని ఇంజనీరు కంచం పక్కన పెట్టి వెనక్కి తిరిగాడు.

పాపక్క అప్పటికి గడప దాటి వంటింట్లోకి వచ్చింది. నవ్వులు విన్నది. ఇంగ్లీషు గాని, ఆ భాష గాని ఆమెకు రావు.

"చెప్పినావా?"

"చెప్పినా."

"ఎందుకప్పా నవ్వుతాండారు? ఏమంటాండారు?"

ఇక్కడ ఒక చిన్న అబద్ధం ఆడవచ్చు. అందరూ బాధపడ్డారని, నిన్ను మంచిదన్నారని చెబితే ఆమె మనసు చల్లబడుతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"వాళ్ళకు జ్ఞాపకమే లేదు పాపక్కా," అన్నాడు.

పాపక్క కాసేపు హాలు తలుపు వైపు చూసింది. లోపల చెంచాల చప్పుడు మొదలైంది. ఒలేనమ్మ వచ్చి ఆ తలుపులో నిలబడింది.

"నాకుండాది," అంది పాపక్క.

చీర కుచ్చెళ్ళు ఎగదోపుకొని, కొలాయి దగ్గరికి పోయి చేతులు మోచేతులదాకా కడుక్కుంది. గోళ్ళ సందుల్లో ఊదుబత్తీ నలుపు ఎంత తోమినా పోలేదు. తిరిగి వచ్చి, రెండో వడ్డనకు పొయ్యి మీదున్న సూపు గిన్నె ముందు నిలబడి, వాళ్ళిద్దరూ చూస్తుండగానే గరిటె ఎత్తి, అరచేతిలో సూపు వంచుకొని, ఊదుకొని, నోట్లో వేసుకుంది.

"సల్ప తక్కువుండాది," అంది.

సుబ్బరాయుడు ఉప్పుజాడీ దించి మూత తీశాడు. అలవాటుగా గుప్పెడు పట్టబోయి, ఆపి, ఆమె వైపు చూశాడు.

"ఎంత వెయ్యాల అక్కా?" అని అడిగాడు.